మన దోసెల హోటల్‌కి ఐస్ వాళ్లు (అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులు) వచ్చారు. అక్కడ ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా?

చట్నీపొడి | గురువారం, మధ్యాహ్నం 2:40

ఇప్పుడే ఇంటికొచ్చాను, చేతులింకా వణుకుతున్నాయి. లంచ్‌కని ఒక్కదాన్నే వెళ్లాను. పెసరట్టు చెప్పి కూర్చున్నాను. ఒంటిగంటా ఇరవై ప్రాంతంలో రెండు నల్ల బండ్లు, ఒక తెల్ల వ్యాను వచ్చి సరిగ్గా తలుపుకి ఎదురుగా ఆగాయి. ఆరుగురో ఏడుగురో దిగారు. చొక్కాల మీద 'పోలీస్' అని ఉంది, ముఖాలకి గుడ్డలు. కౌంటర్లో ఉన్న అమ్మాయిని ఏదో అడిగారు. పాపం ఆ పిల్ల నోరు విప్పలేదు, వంటింటి వైపు ఒకసారి చూసింది, అంతే. ఇద్దరు అటే వెళ్లిపోయారు.

పెనం దగ్గర గాజు అద్దం ఉంటుంది కదా, నేను కూర్చున్నచోటికి అంతా కనిపిస్తుంది. పెనం మీద ఒక అట్టుంది, నాదే అయ్యుంటుంది. అంచులు లేచాయి, ఎర్రబడింది, నల్లబడింది, పొగొచ్చింది. తీసేవాళ్లు లేరు. దోసెలేసే మాస్టారినీ, గిన్నెలు తోమే ఇద్దరినీ తీసుకెళ్లారు. మాస్టారు ఏప్రన్ విప్పి, మడతపెట్టి, చట్నీ గిన్నెల పక్కన పెట్టి మరీ వెళ్లాడు.

ఓనరు ఫోన్ ఎత్తట్లేదు. ఎవరికైనా ఏమైనా తెలిస్తే చెప్పండి.

గోదారిగట్టు | గురువారం, మధ్యాహ్నం 2:52

ఓరి దేవుడా. మన మాస్టారినా? 'పల్చగా? మెత్తగా?' అని అడుగుతాడే, ఆయన్నేనా?

చట్నీపొడి | గురువారం, మధ్యాహ్నం 2:53

ఆయన్నే.

గోదారిగట్టు | గురువారం, మధ్యాహ్నం 3:05

ఎనిమిదేళ్లుగా ఆ పెనం దగ్గర నిలబడ్డాడండీ ఆయన. చెయ్యి కాస్త తడి చేసుకుని నీళ్లు చిలకరించి, ఉల్లిపాయ సగం ముక్కతో రుద్ది, చుయ్యిమన్న చప్పుడు విని పిండి పోసేవాడు. మా అమ్మ కూడా అంతే. ఎవరు నేర్పారని ఒకసారి అడిగితే నవ్వాడు. ఇక్కడే పుట్టిన మా అబ్బాయి అక్కడికొచ్చి ఇంగ్లీషులో ఆర్డరిస్తే, ఆయన తెలుగులో జవాబు చెప్పేవాడు. మావాడికి అర్థమయ్యేది కాదు, మధ్యలో నేను దుబాసీని.

అనంతపురంఅప్ప | గురువారం, మధ్యాహ్నం 3:20

బాధగానే ఉందప్పా, కాదన్ను. కానీ ఒక మాట అడుగుతా, ఎవరూ తిట్టొద్దు. నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు లైన్లో చేరిన తేదీ, 2014. ఆ కార్డుల్లో దేశానికి ఏడు శాతం అని గీత గీసి పెట్టినారు కాబట్టి ఇంకా లైన్లోనే ఉండా. మా అమ్మ పోయినప్పుడు, తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దొరకదేమోనని భయపడి ఇండియాకి పోలేదు. ఫీజులు కట్టినా, వేలిముద్రలిచ్చినా, ఒక్క రోజు స్టేటస్ తప్పలేదు. ఇంత చేసినోణ్ని నేను. గోడ దూకి వచ్చినోళ్లను పట్టుకుంటే నేనెందుకు ఏడవాల?

పాతకాపు98 | గురువారం, మధ్యాహ్నం 3:41

అప్పతో నేను ఏకీభవిస్తాను. వైటూకే రోజుల్లో వచ్చాను, అన్నీ చూశాను. చట్టం చట్టమే. తెలిసి తెలిసి కాగితాల్లేనివాళ్లని పనిలో పెట్టుకోవడం 1986 నుంచీ నేరం, రీగన్ సంతకం పెట్టిన చట్టం అది. మన ఓనర్లందరికీ ఆ సంగతి తెలుసు. తక్కువ జీతానికి దొరుకుతారని పెట్టుకుంటారు, మనకి పది డాలర్లకి థాలీ పెడతారు. మనం తిన్న ఆ చవక ఎక్కణ్నుంచి వచ్చిందనుకుంటున్నారు?

చట్నీపొడి | గురువారం, మధ్యాహ్నం 3:44

అయితే తప్పు ఓనరుది, మనది. తీసుకెళ్లింది మాత్రం ఆయన్ని.

పాతకాపు98 | గురువారం, మధ్యాహ్నం 3:50

అదీ నిజమే. నేను కాదనలేదుగా.

జగిత్యాలపోరడు | గురువారం, సాయంత్రం 4:15

అప్పన్నా, లైన్ల నిలబడ్డ అన్నవు కదా. వాళ్లకు అసలు లైనే లేదన్నా. పెద్ద చదువు అక్కర్లేని పనులకు గ్రీన్‌కార్డులు దునియా మొత్తానికి ఏడాదికి 10,000 దాటొద్దని చట్టంలనే రాసిపెట్టిన్రు. దోసెలు పోసెటోడు ఏ లైన్ల నిలబడాలె?

నా ముచ్చట చెప్త. మా నాయన షార్జాల కల్లివెల్లి (కాయిదాల్లేక దాక్కునేటోడు) అయిండు. మా దిక్కు ఈ మాట తెల్వని ఇల్లుండది. కంపెనీ పాస్‌పోర్టు గుంజుకుంది, జీతం ఇయ్యలే, పారిపోయి బయట కూలి పని చేసుకున్నడు. రెండేండ్లు. పోలీసు బండి కనిపిస్తే బాత్రూంల దాక్కునేటోడట. 2007ల అక్కడి సర్కారు ఆమ్నెస్టీ (మాఫీ) ఇస్తే వాపసొచ్చిండు. నేను చిన్నోణ్ని, ఎయిర్‌పోర్టుల గుర్తుపట్టలే. మా నాయన కూడా అక్కడి కాయిదాల లెక్కన దొంగనే. నాకైతే ఆయన పంపిన పైసలతోనే ఇంజినీరింగ్ అయ్యింది, ఈడికొచ్చిన.

ఆ మాస్టారు పిల్లలు ఎక్కడున్నరో.

అనంతపురంఅప్ప | గురువారం, సాయంత్రం 4:31

తమ్ముడూ, మీ నాయన సంగతి తెలీదు నాకు. తప్పుగా అనుకోవద్దు.

లైను గురించి చెప్పిన మాట ఆలోచించాల్సిందే. అయినా నా కడుపుమంట నాకుంటాది.

అమ్మానాన్నొచ్చారు | గురువారం, సాయంత్రం 4:40

అందరూ పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, నాదొక చిన్న ప్రశ్న. మా అమ్మానాన్న విజిటర్ వీసా మీద ఉన్నారు. నాన్నగారు రోజూ పొద్దున్నే పంచె కట్టుకుని ఆ ప్లాజా దాకా వాకింగ్‌కి వెళ్లి, అక్కడ కాఫీ తాగి వస్తారు. పాస్‌పోర్టు ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఆపి అడిగితే ఏం చూపించాలి?

లాఆఫీస్‌అక్క | గురువారం, సాయంత్రం 5:30

ఇప్పుడే పని అయింది. నేను లాయర్ని కాను, లాయరు దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. కాబట్టి దీన్ని సలహాగా కాదు, సమాచారంగా తీసుకోండి.

ముందు నాన్నగారి సంగతి. పద్దెనిమిదేళ్లు నిండిన విదేశీయులు రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర పెట్టుకుని తిరగాలని పాత చట్టమే చెబుతోంది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు, 2025 ఏప్రిల్ నుంచి గట్టిగా అమలు చేస్తామన్నారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఆ కార్డే. విజిటర్లకీ, హెచ్-1 ఉద్యోగ వీసా వాళ్లకీ ఐ-94, అంటే దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు. ప్రింటు తీసి పంచె కట్టుకున్నప్పుడు కూడా చొక్కా జేబులో ఉండేలా చూడండి. పాస్‌పోర్టు ఫోటో ఫోన్‌లో పెట్టండి.

ఇక హోటల్. కౌంటర్‌కి ఇవతలి హాల్లోకి ఎవరైనా రావచ్చు, అలాగే ఐస్ వాళ్లూ రావచ్చు. వంటిల్లూ, స్టోర్ రూమూ వేరు. అక్కడికి పోవాలంటే బాధ్యతలో ఉన్న మనిషి ఒప్పుకోవాలి, లేదా జడ్జి సంతకం ఉన్న వారంటు కావాలి. చాలాసార్లు వాళ్ల చేతిలో ఉండేది ఐ-200 అనే కాగితం. వారంటని పైన రాసుంటుంది గానీ కింద సంతకం ఇమిగ్రేషన్ అధికారిదే, జడ్జిది కాదు. ఆ కాగితంతో మనిషిని పట్టుకోవచ్చు. మూసిన తలుపు తీయించే హక్కు మాత్రం దాంతో రాదు. కౌంటర్లో ఉన్న పిల్లకి ఇవేవీ ఎవరూ చెప్పి ఉండరు. చట్నీపొడీ, ఏ కాగితం చూపించారో చూశారా?

చట్నీపొడి | గురువారం, సాయంత్రం 5:38

ఒకతని చేతిలో మడిచిన కాగితం ఉంది. ఎవరికీ చదవడానికి ఇవ్వలేదు. వీడియో తీద్దామనుకున్నాను, ఫోన్ బయటికి తీసి మళ్లీ బ్యాగులో పెట్టేసుకున్నాను. నాది హెచ్-4 ఈఏడీ, మా ఆయన వీసా మీద వచ్చిన వర్క్ పర్మిట్. దేనికైనా మెలిక పెడితే అనిపించింది. సిగ్గుగా ఉంది.

లాఆఫీస్‌అక్క | గురువారం, సాయంత్రం 5:45

సిగ్గెందుకు. అడ్డుపడకుండా దూరం నుంచి వీడియో తీయడం తప్పు కాదు, కానీ మన స్టేటస్ మన గొంతు మీద కూర్చుని ఉంటుంది కదా.

రెండోసెమిస్టర్ | గురువారం, సాయంత్రం 6:02

స్టూడెంట్స్‌ని కూడా అడిగారా అండీ? మా ఫ్రెండ్ ఒకడు అడగమన్నాడు.

గోదారిగట్టు | గురువారం, సాయంత్రం 6:04

ఆ ఫ్రెండ్ ఈరోజు షిఫ్ట్‌కి వెళ్లలేదని ఆశిస్తున్నాను బాబూ.

రెండోసెమిస్టర్ | గురువారం, సాయంత్రం 6:06

ఈరోజు వాడికి క్లాస్ ఉంది.

పాతకాపు98 | గురువారం, సాయంత్రం 6:30

చూడు బాబూ, నీ ఫ్రెండ్‌కి పెద్దవాడిగా నా మాట చెప్పు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నప్పుడు సెమిస్టర్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, అంతే. బయట క్యాష్ మీద చేసింది ఒక్కసారి రికార్డుకెక్కితే స్టేటస్ మళ్లీ తెచ్చుకోవడం దాదాపు కుదరదు. 2011లో ట్రై-వ్యాలీ గొడవ మా కళ్ల ముందే జరిగింది. కాలిఫోర్నియాలో యూనివర్సిటీ మూతపడితే మన పిల్లల కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. ఎక్కువమంది మనవాళ్లే. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్. అదైతే యూనివర్సిటీయే అబద్ధం, ప్రభుత్వమే వల వేసి నడిపింది. వందమందికి పైగా మన విద్యార్థుల్ని పట్టుకున్నారు. అప్పుడు 'అత్యాశ పిల్లలు' అని నేను కూడా తీసిపారేశాను.

వాళ్లలో ఒకడు మా పక్క అపార్టుమెంట్లోనే ఉండేవాడని తర్వాత తెలిసింది.

విసిగిపోయిన_వాడు | గురువారం, రాత్రి 7:10

ఇదంతా ఎవరో ఫోన్ చేసి పట్టించిందే. ప్లాజాలో రెండో బిర్యానీ సెంటర్ పెట్టారు కదా, వాళ్లకీ వీళ్లకీ పార్కింగ్ దగ్గర

[మిగిలింది నిర్వాహకులు తీసేశారు]

నిర్వాహకుడు | గురువారం, రాత్రి 7:18

ఎవరు పట్టించారన్న ఊహాగానాలు ఇక్కడ వద్దు. ఎవరి ఇమిగ్రేషన్ స్టేటస్ గురించీ, మీదైనా, మీ 'ఫ్రెండ్'దైనా సరే, రాయొద్దు. బిర్యానీ సెంటర్ ఊసెత్తిన ఇంకో నాలుగు పోస్టులు కూడా తీసేశాను. మన కులాల కీచులాటలు ఇందులోకి ఎలా వచ్చాయో నాకు అర్థం కాలేదు, అవీ తీసేశాను.

గోదారిగట్టు | గురువారం, రాత్రి 8:00

అడగడానికి మొహమాటంగా ఉంది. శనివారం మా కోడలి సీమంతం. 120 మందికి ఆ హోటల్‌లోనే చెప్పాం, లైవ్ దోసె కౌంటర్‌తో సహా. అడ్వాన్సు ఇచ్చేశాం. ఇంత జరిగాక కేటరింగ్ సంగతి అడిగితే మనుషులమేనా అనిపిస్తోంది, అడక్కపోతే శనివారం అందరికీ ఏం పెట్టాలి?

అమ్మానాన్నొచ్చారు | గురువారం, రాత్రి 8:09

అడగండి, తప్పేముంది. వాళ్లకీ వ్యాపారం నడవాలి కదా.

లాఆఫీస్‌అక్క | గురువారం, రాత్రి 9:15

అసలు పని మాట్లాడుకుందాం. మాస్టారు ఎక్కడున్నాడో కనుక్కోవాలంటే ఐస్ వాళ్ల లొకేటర్ ఒకటుంది, ఆన్‌లైన్‌లో ఎవరైనా వెతకొచ్చు. ఏ-నంబరూ (ఇమిగ్రేషన్ వాళ్లు మనిషికిచ్చే నంబరు), పుట్టిన దేశమూ ఉంటే తేలిగ్గా దొరుకుతారు. లేకపోతే పేరు, ఇంటిపేరు, పుట్టిన దేశం, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఈ చుట్టుపక్కల పట్టుకున్నవాళ్లని డాలస్‌లో స్టెమ్మన్స్ ఫ్రీవే మీదున్న ఐస్ ఆఫీసుకి తీసుకెళ్లి, అక్కణ్నుంచి అల్వరాడోలోని ప్రెయిరీలాండ్ నిర్బంధ కేంద్రానికో, ఆన్సన్‌లోని బ్లూబానెట్ కేంద్రానికో పంపేస్తుంటారు. ఒకట్రెండు రోజులు లొకేటర్లో కనిపించకపోవచ్చు. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయర్ని ఇవ్వదు, మనమే పెట్టుకోవాలి. ఆలస్యమైతే దూరంగా ఇంకో రాష్ట్రానికి మార్చేస్తారు.

ఆయన పేరు చెప్పండి ఎవరైనా. ఇక్కడ కాదు, నాకు ప్రైవేటుగా.

గోదారిగట్టు | గురువారం, రాత్రి 9:22

మాస్టారు అనే పిలిచేవాళ్లం అండీ.

చట్నీపొడి | గురువారం, రాత్రి 9:25

నేనూ మాస్టారనే.

అమ్మానాన్నొచ్చారు | గురువారం, రాత్రి 9:31

మా నాన్నగారు 'ఏం బాబాయ్' అంటారు. ఆయన కూడా 'ఏం బాబాయ్' అంటాడు.

పాతకాపు98 | గురువారం, రాత్రి 9:40

ఓనరు 'భయ్యా' అని పిలవడం విన్నాను. వారానికి రెండుసార్లు చొప్పున ఎనిమిదేళ్లు. ఎన్ని దోసెలు తినుంటానో లెక్కేసుకోండి.

అనంతపురంఅప్ప | గురువారం, రాత్రి 9:44

మెక్సికో అయితే మొదటి పేరు, ఏదో ఒక ఇంటిపేరు పెట్టి వెతకొచ్చు కదా? నాకొక పేరు గుర్తుంది. క్రిస్మస్‌కి బోనస్ కవర్ మీద రాసి గోడకి అంటించినారు. అక్కా, పంపినా.

లాఆఫీస్‌అక్క | గురువారం, రాత్రి 10:20

ఆ పేరుతో మెక్సికో పెట్టి మూడు రకాలుగా చూశాను. రాలేదు.

చట్నీపొడి | శుక్రవారం, ఉదయం 8:15

ఓనరు భార్య ఫోన్ ఎత్తారు. ఆయన నిన్నటి నుంచీ లాయరు దగ్గరే ఉన్నారట. ఐ-9 ఫారాలన్నీ (పనివాళ్లకి ఇక్కడ పనిచేసే అనుమతి ఉందని చూపేవి) చూపించమని నోటీసు ఇచ్చి వెళ్లారట, మూడు పనిదినాల గడువు. పేరు అడిగితే లాయరు ఎవరికీ ఏమీ చెప్పొద్దన్నాడు అని పెట్టేశారు. ఆవిడ గొంతు కూడా బాలేదు. కోపగించుకోలేకపోయాను.

పాతకాపు98 | శుక్రవారం, ఉదయం 8:50

2025 జూన్‌లో హోటళ్లు, పొలాలు, రెస్టారెంట్ల జోలికి ప్రస్తుతానికి పోవద్దని పైనుంచి ఆదేశం వచ్చింది, గుర్తుందా? వారం తిరక్కుండా మళ్లీ వెళ్లొచ్చన్నారు. ఆ నాలుగు రోజులూ మన ఓనర్లంతా ఊపిరి పీల్చుకున్నారు. అంతకు ముందు మే నెలాఖర్లో శాన్ డియాగో, సౌత్ పార్క్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌కి వస్తే చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా రోడ్డు మీదకొచ్చి బండ్లని చుట్టుముట్టారు. వాళ్లని చెదరగొట్టడానికి పేలుడు శబ్దం చేసే గ్రెనేడ్లు వేశారు. అది టీవీలో చూసి 'వీళ్లకేం పని' అన్నాను. వాళ్లకి కనీసం ఆ వెయిటర్ల పేర్లు తెలిసుంటాయని ఇప్పుడనిపిస్తోంది.

జగిత్యాలపోరడు | శుక్రవారం, ఉదయం 9:05

మనం గట్ల రోడ్డు మీదికి పోతమా అన్నా? ఈడ సగం మంది వీసాల మీద ఉన్నోళ్లే. పోయినోళ్లను తప్పు పట్టను, పోనోళ్లను కూడ పట్టను.

రెండోసెమిస్టర్ | శుక్రవారం, ఉదయం 11:30

రాత్రంతా నిద్ర పట్టలేదు. మా ఫ్రెండ్‌కి మాస్టారి పూర్తి పేరు తెలుసు.

ఎలాగంటే, మాస్టారి కూతురు ఇక్కడ స్కూల్లో చదువుతోంది, నాలుగో క్లాసు. స్కూలు నుంచి కాగితాలొస్తే ఆయన రాత్రి సర్దేశాక, గ్యాస్ కట్టేసి, చేతులు తుడుచుకుని ఏప్రన్ జేబులోంచి తీసేవాడు. ఫ్రెండ్ అది ఫోన్‌లో స్పానిష్‌లోకి మార్చి చదివించేవాడు. ఫీల్డ్ ట్రిప్ అనీ, కళ్ల పరీక్ష అనీ. సంతకం దగ్గర ఆయన పూర్తి పేరు రాసేవాడు, రెండు ఇంటిపేర్లు, తండ్రి తరఫుది ఒకటి, తల్లి తరఫుది ఒకటి. అక్షరాలన్నీ విడివిడిగా, చాలా నెమ్మదిగా. బదులుగా ఫ్రెండ్‌కి రాత్రి అన్నం పెట్టేవాడు. ఓనరు పెట్టమన్నది కాదు, ఆయనే విడిగా గుడ్డు పొరటు చేసి.

ఇంకో విషయం. ఆయనది మెక్సికో కాదు. హోండురాస్. అందరూ మెక్సికో అంటే సరిదిద్దేవాడు కాదు.

లాఆఫీస్‌అక్క | శుక్రవారం, ఉదయం 11:34

పేరు నాకు ప్రైవేటుగా పంపించు నాన్నా, ఇక్కడ రాయకు. నీ ఫ్రెండ్ గురించి కూడా ఇంకేం రాయకు. ఆ హోటల్ వైపు వెళ్లొద్దను.

అనంతపురంఅప్ప | శుక్రవారం, మధ్యాహ్నం 12:10

రెండు ఇంటిపేర్లుంటాయని నాకు తెలీదు.

లాఆఫీస్‌అక్క | శుక్రవారం, మధ్యాహ్నం 3:48

దొరికాడు. ఎక్కడన్నది ఇక్కడ పెట్టను. రెండో ఇంటిపేరు లేకుండా వెతికినా రాలేదు, దేశం తప్పు పెట్టినా రాలేదు. రెండూ సరిగ్గా పెట్టాకే వచ్చింది. ఆయన భార్యకి కబురు అందింది. ఆమెకీ నిన్నటి నుంచీ తెలియదట.

ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. సరిహద్దులో తనిఖీ లేకుండా వచ్చినవాళ్లకి బాండ్ (పూచీ డబ్బు మీద విడుదల) ఇచ్చే అధికారం ఇమిగ్రేషన్ జడ్జీలకి లేదని 2025 సెప్టెంబర్‌లో అప్పీళ్ల బోర్డు తేల్చింది. దానిమీద ఫెడరల్ కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి. ఆయన ఎలా వచ్చాడో నాకు తెలియదు, అది లాయరు చూసుకోవాల్సింది. ఉచితంగా చూసే సంస్థల జాబితా ఆమెకి పంపాను.

జగిత్యాలపోరడు | శుక్రవారం, మధ్యాహ్నం 3:55

అక్కా, లాయరు ఫీజుకు నా వంతు నేనిస్త. ఎంతనో చెప్పు.

అనంతపురంఅప్ప | శుక్రవారం, సాయంత్రం 4:20

నేను కూడా. నా మాట నేను వెనక్కి తీసుకోలేదు, అది వేరే. ఎంతో చెప్పండక్కా.

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 9:10

సాయంత్రం హోటల్‌కి వెళ్లొచ్చాను. తెరిచే ఉంది, నాలుగు టేబుళ్లు కూడా నిండలేదు. అద్దం మీద 'ఈరోజు దోసెలు లేవు' అని చేత్తో రాసి అంటించారు. పెనం తోమేసి బోర్లా పెట్టేశారు. రేపు పులిహోర, గారెలు, చక్రపొంగలి, వంకాయ కూర వరకూ ఇస్తామన్నారు, ఓనరూ ఆయన భార్యా కలిసి చేస్తారట. దోసె కౌంటర్ తీసేసి దాని తాలూకు 180 డాలర్లు నా చేతిలో పెట్టారు. వద్దంటే వినలేదు. అక్కా, ఆ డబ్బు మాస్టారికి అందేలా ఎక్కడ వేయాలి?

లాఆఫీస్‌అక్క | శుక్రవారం, రాత్రి 9:26

లోపల ఫోన్ చేసుకోవడానికీ, చిన్న చిన్నవి కొనుక్కోవడానికీ ఖాతా ఉంటుంది. దాంట్లో వేయాలన్నా పూర్తి పేరూ, ఏ-నంబరూ కావాలి. రెండూ ఇప్పుడు నా దగ్గరున్నాయి, మీకు పంపుతున్నాను. ఇంటిపేర్లు రెండూ రాయండి, ఒకటి వదిలేస్తే డబ్బు వెనక్కొచ్చేస్తుంది.